దానంతటది ఆరే దీపం

మా ఇంట్లో ఎమర్జెన్సీ అనే మాటకు మూడు అర్థాలు. మా నాయనకు అది 1975. మా అమ్మకు ఆసుపత్రిలో ఎర్ర అక్షరాల గది. మా పిల్లలకు మాత్రం గోడ మేకుకు తగిలించిన దీపం. హొసూరు బజారులో "అన్నా, ఒక ఎమర్జెన్సీ ఇవ్వండి" అని అడిగితే, ఏ అంగడాయనా ఆశ్చర్యపోకుండా వెనక్కి తిరిగి అరలోంచి ఒక డబ్బా తీసిచ్చిన కాలం ఒకటుంది. 2008 నుంచి 2015 దాకా అనుకోండి. తమిళనాడు కరెంటు కోతల కాలం అది.

ఆ దీపం కరెంటు పోగానే వెలుగుతుంది. అది గొప్ప కాదు, ఏ దీపమైనా వెలుగుతుంది. నాకు నచ్చింది దాని రెండో గుణం. కరెంటు రాగానే దానంతటది ఆరిపోతుంది. ఎవరూ లేచి పోయి ఆర్పనక్కరలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు. చట్టం కాగితాల మీద వెలిగే ఎమర్జెన్సీలకు ఈ గుణం ఎందుకు లేదా అని ఈ మధ్య తెగ ఆలోచన పట్టుకుంది. కారణం అమెరికా వార్త.

2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అధ్యక్షుడయ్యారు. ఆ రోజే జాతీయ ఇంధన అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. ఉత్తర్వు నంబరు 14156. దేశంలో ఇంధనం చాలడం లేదు, కాబట్టి అనుమతుల పనులు తొందరగా తెమలాలి అన్నది దాని సారాంశం. ఇంధనం అంటే ఏమిటో ఆ ఉత్తర్వే ఒక పట్టీ రాసింది. ముడిచమురు ఉంది, సహజవాయువు ఉంది, బొగ్గు ఉంది, యురేనియం ఉంది, పారే నీళ్లున్నాయి. ఎండా గాలీ లేవు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముడిచమురు తీస్తున్న దేశం అది. అన్నం వండిన ఇంటివాడే ఆకలి కేక వేసినట్టుంది.

దాన్ని రద్దు చెయ్యాలని ఇద్దరు సెనేటర్లు తీర్మానం తెచ్చారు. వర్జీనియా నుంచి టిమ్ కేన్, న్యూ మెక్సికో నుంచి మార్టిన్ హైన్‌రిచ్. ఫిబ్రవరి 26న ఓటింగు జరిగింది. రద్దుకు 47, వద్దని 52. తీర్మానం పడిపోయింది.

గెలిచి ఉంటే ఏమయ్యేదో చూడండి, అసలు కథ అక్కడుంది. ప్రతినిధుల సభ కూడా ఒప్పుకోవాలి. ఆ తరవాత ఆ కాగితం సంతకానికి పోయేది ఎవరి దగ్గరికి? ఎమర్జెన్సీ పెట్టిన ఆ అధ్యక్షుడి దగ్గరికే. ఆయన కాదంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల బలం కూడగట్టాలి. 1976లో అమెరికా ఈ ఎమర్జెన్సీల చట్టం చేసినప్పుడు ఇలా లేదు. రెండు సభలు తీర్మానం చేస్తే చాలు, ఎమర్జెన్సీ ఆగిపోయేది. 1983లో ఛద్దా అనే ఆయన కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, అధ్యక్షుడికి పంపకుండా సభలే అలా రద్దు చెయ్యడం చెల్లదంది. 1985లో చట్టాన్ని దానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఆ మార్పుతో తాళం చెవి, తాళం వేసినవాడి జేబులోకే పోయింది.

2019లో సరిహద్దు గోడ ఎమర్జెన్సీ మీద రెండు సభలూ రద్దు తీర్మానం గెలిపించాయి. మార్చి 15న ట్రంప్ వీటో చేశారు. ఎమర్జెన్సీ నిలిచింది. 2023లో కోవిడ్ ఎమర్జెన్సీని ముగించే తీర్మానం మీద బైడెన్ సంతకం పెట్టారు, ముగిసింది. అంటే పెద్దాయన ఒప్పుకుంటేనే ముగుస్తుంది. 1979 నవంబరులో ఇరాన్ బందీల గొడవప్పుడు జిమ్మీ కార్టర్ ప్రకటించిన ఎమర్జెన్సీ ఒకటుంది. ఏడాదికోసారి పొడిగించుకుంటూ పోతున్నారు. కార్టర్ పోయారు, ఇరాన్‌లో ఆ నాటి నాయకులు పోయారు. అది పోలేదు.

మన దేశం సంగతి చూద్దాం. మన రాజ్యాంగంలో ఇంధన ఎమర్జెన్సీ అనేదే లేదు. 352వ అధికరణం కింద దేశమంతా ఎమర్జెన్సీ పెట్టాలంటే యుద్ధమో, బయటి దాడో, సాయుధ తిరుగుబాటో ఉండాలి. కరెంటు పోయిందని పెట్టే వీల్లేదు. మా నాయన చూసిన 1975 ఎమర్జెన్సీ దెబ్బ తిన్నాక, 1978లో 44వ సవరణతో ఆ అధికరణాన్ని తిరగరాశారు. అప్పుడు మనవాళ్లు చేసిన పని చాలామందికి తెలియదు. ఎమర్జెన్సీ నిలబడటానికి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ కావాలి. ముగించడానికి లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు. లోక్‌సభ వద్దంటే రాష్ట్రపతి ఎత్తెయ్యాల్సిందే. ఇంకా ఉంది. సభ్యుల్లో పదోవంతు మంది, అంటే 543 మందిలో 55 మంది సంతకం పెట్టి నోటీసిస్తే, 14 రోజుల్లోపల ఈ ఒక్క విషయం కోసం సభను కూర్చోబెట్టాలి. ఎక్కేటప్పుడు నిటారు మెట్లు, దిగేటప్పుడు వాలు. అమెరికావాళ్లది దీనికి తలకిందులు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకు పాఠం చెప్పొచ్చు.

ఆ 55 సంతకాల్లో మన ఎంపీ సంతకం ఒకటి ఉండొచ్చు కదా. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి గెలిచిన కె. గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. కోతల కాలంలో ఆయన హొసూరు శాసనసభ్యుడు. 2001 నుంచి 2016 దాకా.

అయితే మాకు హొసూరులో దీపాలు ఆరిపోయింది 352 వల్ల కాదు. అంత పెద్ద పేరేమీ పెట్టలేదు దానికి. ఆర్ అండ్ సీ అన్నారు. అంటే నియంత్రణ, అదుపు. ఎమర్జెన్సీ అంటే జనం అడుగుతారు, పేపర్లు అడుగుతాయి. ఆర్ అండ్ సీ అంటే, అదేదో కరెంటు బోర్డు ఆఫీసు వ్యవహారం అనుకుంటారు. అమెరికాలో ప్రకటన ఉంది, కొరత సంగతి వాదనలో ఉంది. మాకు కొరత నిలువెత్తున ఉంది, ప్రకటన లేదు.

2008 నవంబరు 1న మొదలైంది. హైటెన్షన్ లైను మీద నడిచే కార్ఖానాలకు 40 శాతం కోత. అంతకు ముందు మీరెంత వాడేవాళ్లో లెక్క కట్టి, అందులో నూటికి 60 వంతులే వాడుకోవాలి. మీటరు దాటితే అదనపు బాదుడు. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఇంకా గట్టి నియమం. ఆ నాలుగు గంటలూ మిషన్లకు గ్రిడ్ కరెంటు ముట్టకూడదు. లైట్లకూ కాపలాకూ ఏదో కొంచెం. తమిళనాడు విద్యుత్ నియంత్రణ మండలి దీని మీద ఉత్తర్వు ఇచ్చింది 2008 నవంబరు 28న. తేదీలు చూశారు కదా. కోత ముందు, ఉత్తర్వు వెనక. పెళ్లయిన నెలకు శుభలేఖ వచ్చినట్టు.

మండలికి ఆ అధికారం 2003 విద్యుత్ చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది. ఉన్న కరెంటును న్యాయంగా పంచడానికి వాడకాన్ని కట్టడి చెయ్యవచ్చు అంటుంది అది. ప్రభుత్వం చేతిలో ఇంకోటుంది, 11వ సెక్షన్. అసాధారణ పరిస్థితుల్లో ఏ విద్యుత్ కేంద్రాన్నయినా మేము చెప్పినట్టు నడపండి అని ఆజ్ఞాపించవచ్చు. 2009 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం దాన్ని బయటికి తీసింది. రాష్ట్రంలో పుట్టిన కరెంటు రాష్ట్రానికే ఇవ్వాలి, బయట అమ్ముకోకూడదు అంది. కర్ణాటక కూడా అదే సెక్షన్ వాడింది. అసాధారణ పరిస్థితి అంటే ఏమిటి? దేశ భద్రతకు ముప్పు, శాంతిభద్రతలు, ప్రకృతి విపత్తు అని చెప్పి, చివర్లో ప్రజాప్రయోజనం కోసం వచ్చే అలాంటి మరే పరిస్థితి అయినా అని ఒక తోక తగిలించింది చట్టం. ఆ తోక చాలా పొడుగు. ఎన్నాళ్లు? అది రాయలేదు. శాసనసభ ముందు పెట్టాలా? రాయలేదు. 44వ సవరణ కట్టిన వాలు దారి ఇక్కడ లేదు. ఇంత చిన్న సెక్షన్‌కు అంత పెద్ద దారి ఎందుకనుకున్నారేమో.

ఆ రోజుల్లో మాది నాలుగు లేత్‌ల షెడ్డు. సిప్కాట్ పారిశ్రామికవాడలోని పెద్ద కార్ఖానాలకు చిన్న భాగాలు చేసిచ్చే జాబ్ వర్కు. మాకు హైటెన్షన్ నియమాలేవీ లేవు. మాకు ఉండేది ఉత్త కోత. వస్తుంది, పోతుంది. చెన్నైలో గంటో రెండు గంటలో పోతే ఊరు గోల పెట్టేది. మాకు ఎనిమిది గంటలు, పది గంటలు. పల్లెల్లో ఇంకా ఎక్కువ. మిషను తిరుగుతూ ఇనుమును కోస్తున్నప్పుడు కరెంటు పోయిందనుకోండి, టూలు ముక్కలో ఇరుక్కుంటుంది. ఇన్సర్టు విరుగుతుంది, జాబు స్క్రాప్. ఆ జాబు ఖర్చు మాదే. పక్క షెడ్డాయన తెల్లారి వచ్చి అడిగే మొదటి మాట, "ఏమప్పా, ఈ పొద్దు యాపొద్దుకొస్తుందంట?" వానల గురించి అడిగినట్టు అడిగేవాడు. జవాబు కూడా వానల గురించి చెప్పినట్టే చెప్పేవాళ్లం.

బాగలూరు పక్క పాలీహౌసుల్లో గులాబీలు పెంచేవాళ్లది వేరే బాధ. కోసిన పువ్వు చల్లగదిలో ఉండాలి. ప్రేమికుల రోజుకు విమానమెక్కాల్సిన గులాబీ ఫిబ్రవరి మొదటి వారంలో వడలితే, దానికి పదిహేనో తేదీన కొనుగోలుదారు లేడు. కృష్ణగిరి పక్క మామిడి గుజ్జు కార్ఖానాలకు ఏడాదికి రెండు నెలలే పని. బెంగళూరా కాయ మాగిందంటే ఆగదు. రైతుల మోటార్లకు తమిళనాడులో బిల్లు లేదు. ఉచితమే గానీ, మూడు ఫేజులూ వచ్చే గంటలు అర్ధరాత్రి దాటాక. రాయకోట టమాటా తోటలకు నీళ్లు కట్టడానికి టార్చి పట్టుకుని తిరిగిన ఆడవాళ్లను అడగండి, ఆ కోత ఎన్నేళ్లు సాగిందో తేదీలతో చెబుతారు.

మాకు వాదించుకోవడానికి ఒకే ఒక చోటు ఉండేది. విద్యుత్ నియంత్రణ మండలి విచారణ. కార్ఖానాల సంఘాలు చెన్నైకి పోయి, పాత వాడకం లెక్క తప్పు కట్టారని, కొత్తగా పెట్టిన యూనిట్‌కు పాత లెక్క ఎక్కడిదని, కోటా దాటిన జరిమానా అన్యాయమని వాదించేవాళ్లు. కొన్నిసార్లు గెలిచేవాళ్లు కూడా. కానీ అక్కడ అడగడానికి వీలున్న ప్రశ్న, నా కోటా ఎంత అనే. ఇది ఎప్పుడు ముగుస్తుంది అనే ప్రశ్న వెయ్యాల్సిన చోటు శాసనసభ. సభలో అరుపులున్నాయి, వాకౌట్లున్నాయి. ఒకరి ప్రభుత్వాన్ని ఇంకొకరు తిట్టుకున్నారు. 2011లో ప్రభుత్వమే మారింది, కోతల కోపం దానికొక కారణమని అందరూ అన్నారు. కోత మాత్రం మారలేదు. 2012లో కొరత సుమారు 4,000 మెగావాట్లకు పెరిగింది. ఓటుతో ప్రభుత్వాన్ని దించాం. ఆర్ అండ్ సీని దించే ఓటు ఎక్కడా లేదు.

ఇక్కడ మన ఊరాయన ఒకరు గుర్తొస్తారు. హొసూరుకు దగ్గరే తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక, జూన్‌లో ఆహార నియంత్రణలు ఎత్తేశారు. యుద్ధకాలంలో పుట్టిన రేషను, యుద్ధం ముగిసి ఏడేళ్లయినా బతికే ఉంది. 1949లో మద్రాసు శాసనసభ చేసిన నిత్యావసరాల నియంత్రణ చట్టానికి పేరులోనే తాత్కాలిక అధికారాలు అని ఉంది. మన దేశంలో తాత్కాలికం అనే మాటకు ఆయుష్షు ఎక్కువ. రాజాజీ ఎత్తేస్తే కరువొస్తుందని భయపెట్టినవాళ్లున్నారు. అలా జరగలేదు. దాచిన గింజలు బయటికొచ్చాయి. తరవాత పర్మిట్ లైసెన్స్ రాజ్ అనే మాటను దేశానికంతా అలవాటు చేసిందీ ఆయనే.

అయితే కోతల కాలంలో టీ అంగట్లో ఎవరైనా "రాజాజీ ఉంటే ఒక్క సంతకంతో ఎత్తేసేవాడు" అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. వడ్లను పాతరలో దాచవచ్చు. కట్టడి ఎత్తేస్తే పాతర తెరుచుకుంటుంది. కరెంటుకు పాతర లేదు. పుట్టిన క్షణమే ఖర్చయిపోవాలి. కట్టడి ఎత్తేసినంత మాత్రాన లేని కరెంటు ఊడిపడదు, గ్రిడ్డే కూలిపోతుంది. కాబట్టి రద్దు తీర్మానం ఒక్కటే చాలదు. సభలో చెయ్యి ఎత్తినా, అడవిలో టవరు లేకపోతే దీపం వెలగదు.

ఆ టవరు సంగతి చెబుతాను. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాన, తూర్పున గ్రిడ్డు కూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడ్డారు. మాకు ఏమీ కాలేదు. హొసూరులో ఆ రోజు మా కోతలు మాకు సమయానికే వచ్చాయి. కారణం, దక్షిణాది గ్రిడ్డు అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. కలవలేదు కాబట్టి వాళ్ల ప్రమాదం మాకు అంటలేదు. కలవలేదు కాబట్టే వాళ్ల దగ్గర మిగిలిన కరెంటూ మాకు అందలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి షోలాపూరుకు 765 కిలోవోల్టుల లైను వేసి రెంటినీ కలిపారు. అదే ఏడాది అక్టోబరులో కూడంకుళం మొదటి యూనిట్ గ్రిడ్డుకు ఎక్కింది. మెట్టూరు, ఉత్తర చెన్నై, వల్లూరు కొత్త యూనిట్లు ఒక్కొక్కటే వచ్చాయి. నా లెక్కలో ఎమర్జెన్సీని రద్దు చేసిన తీర్మానాలు ఇవి.

2014 జూన్ 1 నుంచి అన్ని కట్టడులూ ఎత్తేస్తున్నామని ముఖ్యమంత్రి జయలలిత ప్రకటించారు. జూన్ అంటే తమిళనాడులో గాలిమరలు బాగా తిరిగే కాలం. అక్టోబరు దాకా తిరుగుతాయి. ఆ తరవాత గాలి తగ్గింది, హైటెన్షన్‌కు 20 శాతం కోత తిరిగొచ్చింది. ఆకాశం చూసి ఎత్తేశారు, ఆకాశం చూసి పెట్టారు. మళ్లీ గాలి కాలం వచ్చింది. 2015 జూన్‌లో 20 శాతం కోత, సాయంత్రం నాలుగు గంటల కట్టడి రెండూ పోయాయి. ఈసారి తిరిగి రాలేదు.

ఆంధ్రలో ఉన్న బంధువులకు ఇది పాత కథ కాదు. 2022 ఏప్రిల్ 8న అక్కడ పవర్ హాలిడే పెట్టారు. కార్ఖానాలకు వారపు సెలవు కాక ఇంకో రోజు మూత, ఆగకుండా నడవాల్సిన వాటికి సగం కరెంటు. రెండు వారాలే అన్నారు, పొడిగించారు, మే నెలలో ఎత్తేశారు. రెండు వారాలు అని తేదీ రాసి ఉండటం వల్లనే కదా, పొడిగించడానికి మళ్లీ మండలి గడప ఎక్కాల్సి వచ్చింది. నేను అడిగేది అదే, అంతకంటే పెద్దదేమీ కాదు. అదే ఏడాది మే 5న కేంద్రం 11వ సెక్షన్ బయటికి తీసింది. విదేశీ బొగ్గుతో నడిచే కేంద్రాలన్నీ, సుమారు 17,600 మెగావాట్లవి, నిండుగా నడపాలంది. అక్టోబరు 31 దాకా అంది. 2023లో మళ్లీ తీసింది. అక్కడినుంచి మూడు నెలలు, నెల, ఎనిమిది నెలలు, రెండు నెలలు అని పొడిగించుకుంటూ 2025 జూన్ దాకా వచ్చింది. అవసరం లేదని నేననను. ఎండాకాలం రాత్రిళ్లు ఆ కరెంటు లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. కానీ ఒక్కో పొడిగింపునూ పార్లమెంటు బల్ల మీద పెట్టి, ఇన్నాళ్లు ఎందుకు, ఇంత ఖరీదు బొగ్గు భారం ఎవరి బిల్లులో పడుతుంది అని అడిగించుకుంటే పోయేదేముంది? అమెరికాలోనూ మన 11వ సెక్షన్‌కు అన్నలాంటిది ఉంది. దాని కింద 2025 మేలో మిషిగన్‌లో మూతపడబోయిన క్యాంప్‌బెల్ బొగ్గు కేంద్రాన్ని మూయొద్దన్నారు. వాళ్ల చట్టంలో 90 రోజుల గడువు రాసుంది కాబట్టి, 90 రోజులకోసారి కొత్త ఉత్తర్వు, కొత్త తగాదా. తగాదా అయినా పడుతున్నారు కదా. ఆ 47 మంది సెనేటర్లు ఓడిపోయారు గానీ, ఓడిపోయే అవకాశమైనా వాళ్లకు చట్టంలో ఉంది.

మా షెడ్డు సంగతి చెప్పి ముగిస్తాను. 2012లో కోతలు పడలేక 25 కేవీఏ జనరేటరు కొన్నాను, అయిదేళ్ల అప్పు మీద. దాని కరెంటు యూనిట్‌కు లైను కరెంటు కంటే రెండింతలు, మూడింతలు పడేది. అయినా వేసేవాణ్ణి, ఆర్డరు పోగొట్టుకోలేక. 2015 జూన్‌లో కట్టడి పోయింది. జనరేటరు మీద గోనెపట్టా కప్పాను. 2016లో బర్గూరు పక్క రాళ్ల గనాయనకు అమ్మేశాను, వచ్చినంతకు. ఇంట్లో ఎమర్జెన్సీ దీపం ఛార్జింగు పోయి అటక ఎక్కింది. బ్యాంకు నుంచి మెసేజి మాత్రం ప్రతి నెలా అయిదో తేదీన వచ్చేది. ఆఖరి వాయిదా 2017లో కట్టాను.